అమ్మ చూసిన రెండో కొల్లేరు

లండన్ శివార్లలోని ఇల్ఫర్డ్‌లో మా వీధి చివరి చేపల కొట్టు ముందు తడిసిన చెక్క, నాచు, చేప కలిసిన వాసన తగిలితే చాలు, నాకు ఏడేళ్ళ వయసు వచ్చేస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లో, ఆంట్రిమ్ ఊరి పక్కన, అవతలి ఒడ్డు కనపడని లాఖ్ నే సరస్సు గట్టున నిలబడి ఉంటాను.

నాన్నకు బెల్‌ఫాస్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మధ్యాహ్నం దాటగానే చీకటి కమ్ముకునే ఆ మొదటి చలికాలమంతా అమ్మ నాన్న మేజోళ్ళు తొడుక్కుని, హీటర్ పక్కన కూర్చుని, కిటికీలోంచి వాన చూసేది. వంట చేసేది, నాకు జడ వేసేది, మాట మాత్రం పెగిలేది కాదు. చివరికి, వేసవి సెలవులు రాగానే మమ్మల్నిద్దర్నీ కొల్లేటి ఒడ్డున ఉన్న అమ్మమ్మ ఇంటికి, ఇక అక్కడే ఉండిపోయేలా, పంపేయాలని నాన్న నిర్ణయించారు. ఆయన్ని వదిలి ఉండాలంటే నాకు ఒకటే బెంగ.

మే నెలలో ఒక ఆదివారం పక్కింటి మేరీ ఆంటీ మా ముగ్గుర్నీ సరస్సుకు తీసుకెళ్ళింది. ఆవిడ భర్త అక్కడ మలుగుపాములు, అదే, పాముల్లా పొడుగ్గా ఉండే చేపలు, పట్టేవాడు. పొదల నిండా తెల్లటి పూలు, కాళ్ళకింద మెత్తటి బురద, గాలికి గలగలమనే రెల్లు. దూరంగా చెట్ల పైన నల్లటి పొగ సుడులు తిరుగుతూ లేస్తోంది.

"అరె, ఏదో తగలబడుతోంది," అన్నారు నాన్న.

"పొగ కాదండీ, పురుగులు! నీళ్ళలోంచి లేస్తన్నాయి. కొల్లేట్లో మా నాన్న చూపించేవాడు. ఇవి లేస్తే చేపలకి పండగే," అంది అమ్మ.

ఆ ఊరొచ్చాక అమ్మ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు. ఆపైన ఆగలేదు. ఈ సరస్సులోకి ఆరు నదులు వచ్చి పడతాయని, సముద్రానికి పోయేది మాత్రం ఒక్క నదేనని మేరీ ఆంటీ చెబితే, నేను తెలుగులో చెప్పాను. "మా కొల్లేరూ అంతేనే! బయటికి పోయేది ఒక్క ఉప్పుటేరే," అని అమ్మ ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. ఎక్కడో అట్లాంటిక్ అవతల పుట్టిన మలుగుపిల్లలు, గాజుపుల్లల్లా ఉంటాయట, ఆ ఒక్క నదిలోనే ఎదురీదుకుంటూ ఇక్కడికి చేరతాయట.

ఆ సాయంత్రం మలుగుపాము పులుసు వాసనతో ఇల్లంతా ఘుమఘుమలాడింది. మేరీ ఆంటీ భర్త కారానికి కళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ వడ్డించమన్నాడు. వాళ్ళు వెళ్ళాక అమ్మ, "టికెట్లు ఇప్పుడే తియ్యకండి. చలికాలం ఐస్‌లాండ్ నుంచి హంసలొస్తాయంట. అవి చూడాలి," అంది.

చూసింది. మేం వెళ్ళలేదు. హంసలు పొలాల్లో దిగి బాకాలూదినట్టు అరుస్తుంటే, నేనూ నాన్నా వాటిలాగే అరుస్తూ గట్టు వెంట పరుగెత్తేవాళ్ళం.

ఇప్పుడు మేరీ ఆంటీ లేదు. పడవలు తగ్గాయి, మలుగుపాములూ తగ్గాయి. కొన్ని వేసవుల్లో నీళ్ళంతా పచ్చటి నాచు కప్పేసి, పిల్లల్ని దిగనివ్వడం లేదు. అమ్మ మాత్రం అక్కడే ఉంది. ఆ నాచును పెంచే పొలాల ఎరువు సరస్సులోకి కొట్టుకురాకుండా, ఊరివాళ్ళతో కలిసి ఒక ఏటి గట్టున మొక్కలు నాటుతోంది. మొన్న ఫోన్ చేసింది.

"నాటినవన్నీ చిగురేశాయే! శనివారం రా, నీకూ బూట్లు కొన్నా. ఇంకా సగం గట్టుంది."