గోచి చీరలతో ఖోఖో

మొన్న విశాఖపట్నంలో మా అబ్బాయి నన్నూ మనవరాలినీ ఒక పార్కుకు తీసుకుపోయాడు. ఆటల పార్కట. గేటు దగ్గర టికెట్టు, లోపల రబ్బరు పరచిన బాట, ఆ బాట మీద ఆపసోపాలు పడుతూ కదిలే పొట్టలు. ఒక పెద్దాయన ఇనుప యంత్రమెక్కి ఎటూ పోని నడక నడిచి, దిగి, ఎదురుగా ఉన్న బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాడు. నా ఈడు వాళ్ళు చదివితే నవ్వుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆ పార్కు నాకు కొత్త కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు, ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లు పక్క బడిలో చదువుకుంటున్న మేము ఖోఖో పోటీలకని అక్కడికే వచ్చాం. మహారాష్ట్ర పొరుగున ఉన్న ఊరు కనుక ఖోఖో మాకు అన్నంతో పాటు అబ్బిన ఆట. నేర్పింది మరాఠీ పంతులమ్మ, ఆమెను బాయి అనేవాళ్ళం. లంగాలు కాళ్ళకు అడ్డం పడతాయని మా అవ్వ తన పాత చీర చింపి నాకు గోచి పెట్టి కట్టింది, మిగతా తల్లులూ అదే పని చేశారు. మా వైపు ఆడవాళ్ళు కలుపు తీసినా పత్తి ఏరినా గోచి చీరతోనే, కాబట్టి అందులో వింత ఏముందో మాకు తెలియదు. రైళ్ళు మారుతూ, జొన్నరొట్టెలు నములుతూ, అంత దూరం వచ్చింది ఆ ఒక్క ఆట కోసం.

పార్కంటే మైదానమనుకున్నాం. పచ్చిక తొక్కరాదని బోర్డు పెట్టిన చోట ఆటల పోటీలు! ఇస్త్రీ ప్యాంటు వేసుకున్న పోటీల పెత్తందారు ఒకాయన, జన్మలో చెమట ఎరగని మనిషి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "చీరలు కట్టుకుని ఆటేంటమ్మా? గౌన్లుంటే రండి, లేకపోతే వెళ్ళి ఆ ఉయ్యాలలూగండి" అన్నాడు. అవతలి జట్టు పిల్లలు తెల్ల గౌన్లలో నిలబడి చూస్తున్నారు. బాయి ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అయింది. మాలో చిన్నపిల్ల ఏడ్చింది. నాకైతే ఆయన ప్యాంటుకింత బురద పూయాలనిపించింది.

బాయి మా వైపు తిరిగి, "ఏడ్వకుండ్రి పోరిలారా. సముద్రం ఒడ్డు గీయన అయ్య జాగీరు కాదు. నడువుండ్రి" అన్నది. రోడ్డు దాటి ఇసుకలోకి దిగి, జాలర్లనడిగి రెండు తెడ్లు స్తంభాలుగా పాతి, మాలో మేమే రెండు జట్లయ్యాం. కాసేపటికి ఆ తెల్ల గౌన్ల పిల్లలు కంచె సందులోంచి ఒక్కొక్కరే దూరి వచ్చి, "మేమూ ఆడొచ్చాండీ?" అన్నారు. ఆడాం. ఓడింది మేమే. నల్లరేగడి మీద నేర్చిన కాళ్ళకు ఇసుక లొంగలేదు. అయితేనేం, పైకి చెక్కిన చీరలతో చేపలెండబెడుతున్న జాలరి ఆడవాళ్ళు మమ్మల్ని వింతగా చూడకుండా కేకలేసి మెచ్చుకున్నారు. పెత్తందారు కంచె అవతల నిలబడి ఆ గౌన్ల పిల్లలను పిలుస్తూనే ఉన్నాడు, ఒక్కరూ పోలేదు.

ఇప్పుడు పచ్చిక తొక్కరాదనే ఆ బోర్డు లేదు. ఎవరేం కట్టుకున్నా అడిగేవాడు లేడు. మా మనవరాలికి బూట్లున్నాయి, నిక్కరుంది, కావలసినంత మైదానముంది. బల్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. పోయి ఆడుకోవే తల్లీ అంటే, "చెమట పడుతుంది నానమ్మా" అన్నది. ఆ పెత్తందారు మీది కోపంతో ఇన్నేళ్ళు హాయిగా బతికాను. మొన్న ఆ బల్ల పక్కన ఎవరిని తిట్టాలో తెలియక ఎంత దిగులేసిందో చెప్పలేను. మమ్మల్ని తరిమినా ఆడాం, దీన్ని బతిమాలినా లేవలేదు.