పర్చా మీద నాలుగు గులకరాళ్లు

నర్సమ్మ కన్నుమూసిందని పోయిన వారం కబురు వచ్చినప్పుడు నేను అమ్మకు ఇన్సులిన్ సూది సిద్ధం చేస్తున్నాను. సీసా పక్కన పెట్టేశాను. అమ్మ కళ్లు తుడుచుకుని, "ముందు సూది వెయ్యి బిడ్డా. టైం తప్పితే ఆమెనే తిడతది" అంది. ఏడుస్తూనే వేశాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక, ఆమె మా ఊరు దోర్నపాల్‌లో మా ఎదురింట్లోనే ఉండేది. మందు పెట్టెలో మడతలు మడతలుగా ఉండే కాగితాన్ని మేం పర్చా అంటాం. అందరం దాన్ని పెట్టెతోపాటే పొయ్యిలో పడేసేవాళ్లం. నర్సమ్మ మాత్రం మంచం మీద పరిచి, అరచేత్తో మడతలు సాపుచేసి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా శబరి నది ఒడ్డున ఏరుకొచ్చిన గులకరాళ్లు పెట్టేది. తర్వాత భూతద్దం తీసేది. "మందు సగం సీసాల ఉంటది, సగం పర్చాల ఉంటది" అనేది. చాదస్తం అనుకునేదాన్ని. అసలే నాకు ఓపిక తక్కువ. డాక్టరు చెప్పాక ఈ కాగితం కొత్తగా చెప్పేదేముంది అని నా ధీమా.

ఆ ధీమా ఒక వానాకాలంలో దిగిపోయింది. అమ్మకు ఇన్సులిన్ మొదలుపెట్టిన కొత్త. వాగులు పొంగి, మూడు రోజులుగా కరెంటు లేదు. సీసాను చల్లగా ఉంచమన్నారు కదా అని తీసుకెళ్లి చేపలమ్మే వదినకు ఇచ్చాను. పాపం, ఆమె ప్రేమకొద్దీ ఉప్పు కలిపిన ఐసులో అడుగున దాచింది. తెల్లారి చూస్తే మందు గడ్డ కట్టింది. అరచేతుల్లో పెట్టుకుని కరిగించి, సూదిలోకి ఎక్కించబోతుండగా నర్సమ్మ వచ్చింది.

"ఏందే, సీసా చేపల వాసనొస్తున్నది?"

సంగతి చెప్పాను. ఆమె పర్చా పరిచి, రాళ్లు పెట్టి, ఒక వరుస దగ్గర వేలు ఆపింది. గడ్డకట్టనివ్వకూడదనీ, ఒకసారి గడ్డకడితే కరిగినా వాడకూడదనీ ఉంది.

"నీళ్లలెక్క తేటగనే ఉన్నది కదా!" అని వాదించాను.

"కంటికి మంచిగనే ఉంటది. దాంట్ల సత్తువ ఉన్నదో పోయిందో నీ కంటికెట్ల తెలుస్తది? సూది ఏసినమని మనం నిమ్మళంగ కూసుంటం. మీ అమ్మకు షుగరు పెరుగుతనే ఉంటది."

అప్పటికే అమ్మ నోరెండిపోయి చెంబులకు చెంబులు నీళ్లు తాగుతోంది. నర్సమ్మ ఆ వానలోనే గొడుగేసుకుని ఆసుపత్రికి వెళ్లి, మధ్యాహ్నంలోగా వేరే సీసా తెచ్చింది. ఫ్రిజ్ లేని ఇంట్లో ఎలా దాచాలో డాక్టరును అడిగి మరీ వచ్చింది. ఒక కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, సీసాను తడవకుండా ముంతలో పెట్టించింది.

ఆ తర్వాత నేను ఆమె పక్కన కూర్చుని పర్చాలు చదవడం నేర్చుకున్నాను. రోజూ ఒకేచోట పొడవద్దన్న సంగతిని ఆమె నాకు తెలుగులో, వెనకింటామెకు వాళ్ల దోర్లీ భాషలో, టీకొట్టాయనకు హిందీలో చెప్పేది. తనకు అర్థం కానిచోట పెన్సిల్ గీత పెట్టి, డాక్టరును అడిగాకే నోరు విప్పేది. "తెల్వదంటే పరువు పోదు. తెల్వకుండ సూది పొడిస్తే పాణం పోతది" అనేది. ఈ ఎండాకాలం అమ్మ బుట్ట పట్టుకుని మళ్లీ ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లింది. షుగరు పడిపోతే నోట్లో వేసుకోమని నర్సమ్మ కట్టించిన బెల్లం ముక్క అమ్మ కొంగున ఇప్పటికీ ఉంటుంది. ఆమె రుణం నేనెలా తీర్చుకోను?

మొన్న చింతలనార్ వైపు నుంచి ఒకావిడ కొత్త మందు పెట్టెతో వచ్చింది. నర్సమ్మ తలుపుకు తాళం చూసి అక్కడే నిలబడిపోయింది. అమ్మ ఆమెను పిలిచి మంచం మీద కూర్చోబెట్టింది. అక్షరం ముక్క రాని మా అమ్మ ఆ పర్చా విప్పి, అరచేత్తో సాపుచేసి, నర్సమ్మ అరుగు మీది నాలుగు రాళ్లూ తెచ్చి మూలలకు పెట్టింది.

"సదువు బిడ్డా" అంది.

చదివాను. ఒక వరుస దగ్గర ఆగిపోయాను. మునుపటి నేనైతే ఏదో ఒకటి చెప్పేసేదాన్ని.

"ఇది నాకు తెల్వదక్కా. డాక్టరును అడిగి చెప్త" అన్నాను.

ఆవిడ సరేనని తలూపింది. బయట గాలి లేచింది. రాళ్ల కింద కాగితం అంచులు రెపరెపలాడుతున్నాయి. అమ్మ నా చేతికి పెన్సిల్ అందించింది.