అమ్మమ్మ తూచిన సబ్బులు

మా అమ్మమ్మ ప్రజారోగ్యం ప్రొఫెసరుగా రిటైరయింది. అంటే ఏం పని అని అడిగితే, "జబ్బు చేశాక చూసేది డాక్టరు, చేయకుండా చూసేది నేను" అంది. పదో తరగతిలోనే చదువుకి దణ్ణం పెట్టేసిన నాకు ఆ మాత్రం చాలు.

ప్రొఫెసరు కాకముందు ఆవిడ సబ్బులు తూచేది. నవ్వకండి, నిజం. మిల్లు వెనక సందులో పిల్లలకి అస్తమానం విరేచనాలు పట్టుకునేవి. చేతులు కడుగుతున్నారా అని అడిగితే ఏ తల్లి లేదంటుంది? అందుకని ఇంటికో సబ్బిచ్చి, అయిపోతే ఇంకోటిచ్చి, ప్రతి మంగళవారం వెళ్లి బంగారం తూచినట్టు తూచేది. సబ్బు అరిగితే చేతులు కడిగినట్టే.

ఏడాదంతా సబ్బులు బ్రహ్మాండంగా అరిగాయి. విరేచనాలు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

కాలేజీలో వాళ్ల డిపార్టుమెంటు హెడ్డు ఎగిరి గంతేశాడు. "చేతులు కడిగినా లాభం లేదని తేల్చావమ్మా! ఇంతవరకూ ఎవరూ చెప్పని మాట! సోమవారం డాక్టర్ల సభలో చదివెయ్యి. ప్రొఫెసరు పోస్టు నీదే."

పోస్టు మీద అమ్మమ్మకి కొండంత ఆశ. అయినా మనసొప్పక శనివారం పొద్దున్నే సందుకి వెళ్లింది. అక్కడ బట్టలు కుట్టే ఒకావిడ వాకిట్లో కూర్చుని సబ్బుని రాయికేసి బరబరా రుద్దుతోంది.

"అదేంటమ్మా?"

"అయ్యో డాక్టరమ్మా! మంగళవారం రావాల్సిన వాళ్లు ఇవాళొచ్చారేంటి?"

"ముందు సబ్బు సంగతి చెప్పు."

"అరక్కపోతే మీ మొహం ఎంత చిన్నబోతుందో మీకేం తెలుసు! పాపం, అంత దూరం నుంచి వస్తారని సందంతా ఇలాగే అరగదీస్తున్నాం."

"ఆ చేత్తోనే చేతులు కడుక్కోవచ్చుగా తల్లీ!"

"కుళాయిలో నీళ్లొచ్చేది రోజుకి అరగంట. బిందెలు నింపుకోమంటారా, చేతులు కడుక్కోమంటారా?"

ఇంటికొచ్చి చెబితే తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోన్లేవే, ఆ సందులో రాళ్లకి మాత్రం ఏ జబ్బూ రాదు."

సోమవారం అమ్మమ్మ సభలో లేచి, తన ఏడాది పరిశోధన ఎందుకు పనికిరాదో తనే చెప్పింది. హాలంతా ఒకటే నవ్వులు. హెడ్డు ఆముదం తాగినట్టు కూర్చున్నాడు. పోస్టు ఇంకొకాయనకి పోయింది.

ఈవిడ ఊరుకుంటేనా! సబ్బులు పక్కనపెట్టి, ఏ ఇంటికి ఎన్ని బిందెల నీళ్లొస్తున్నాయో రాయడం మొదలెట్టింది. ఆ కాగితాలు పట్టుకుని నీళ్ల ఆఫీసు చుట్టూ ఎంత తిరిగిందంటే, ఈవిణ్ణి చూడగానే వాచ్‌మన్ కుర్చీ వేసేవాడట. చివరికి సందుకి రెండు పూటలా నీళ్లొచ్చాయి. పిల్లల విరేచనాలు సగానికి సగం తగ్గాయి. ఆ పరిశోధనకే, మూడేళ్లు ఆలస్యంగా, ప్రొఫెసరయింది.

ఆర్డరు చేతికొచ్చిన రోజు నేరుగా బట్టలు కుట్టే ఆవిడ ఇంటికెళ్లింది. ఆవిడ సంగతంతా విని బుగ్గలు నొక్కుకుంది.

"ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే మీకు అప్పుడే వచ్చేదన్నమాట!"

"వచ్చేదే. చెడగొట్టావు కదే!" అంటూ అమ్మమ్మ ఆవిణ్ణి గట్టిగా కావలించుకుంది.