విత్తు కొట్టి విత్తనం

మా ఊళ్లో ఎద్దుకు విత్తు కొట్టడం అందరికీ తెలుసు. గోధుమకు విత్తు కొట్టింది మాత్రం నేనొక్కదాన్నే.

నేను పుట్టింది జమ్మికుంట దగ్గర, రొట్టె ఎరగని, అన్నం తినే ఇంట్లో. బడి పదో తరగతితో ఆగింది కానీ చదువు ఆగలేదు. బాపు మార్కెట్ యార్డులో పత్తి బండి పక్కన వేలం కోసం ఎదురుచూస్తుంటే, నేను గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. కథలు అయిపోయాక వ్యవసాయం బీరువా తెరిచాను. పెళ్లై గోదావరి దాటి, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి ఊరికి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. మండల కేంద్రంలో సంతకు వెళ్తే సంచిలో కూరగాయలతో పాటు గ్రంథాలయం పుస్తకం ఒకటి వచ్చేది. అత్త ఉల్లిగడ్డల కోసం సంచి దులిపితే అదే ముందు పడేది.

ఇక్కడ చలికాలంలో గోధుమ వేస్తారు. మామ వేసే పాత రకానికి కంకి నిండా పొడుగాటి మీసాలు. అవి నోట్లో గుచ్చుకుంటాయని అడవిపందులు దాని జోలికి పెద్దగా రావు. కానీ అది ఏపుగా పెరిగి గాలికి పడిపోతుంది. దుకాణంలో కొన్న పొట్టి రకం గాలికి నిలబడుతుంది, గింజ బాగా కడుతుంది. దానికి మీసాల్లేవు, పందులకు వడ్డించిన విస్తరే. ఒక ఏడు రెండూ వేసి రెండూ పోగొట్టుకున్నాక మామ తేల్చేశాడు.

"ఇగ గోధుమ బంద్. మొత్తం పత్తే. పిండి కొనుక్కుందాం."

ఆ మాట నాకు మింగుడుపడలేదు. దాని పొట్టితనం, దీని మీసాలు ఒకే మొక్కకు తేవచ్చని చదివాను. బావి పక్క మూల నాకు వదలమన్నాను.

"ఆడుకో," అన్నాడు మామ.

మరుసటి చలికాలం అక్కడ రెండు రకాలూ వేశాను. గోధుమ పువ్వులో ఆడ, మగ రెండూ ఒకే పొట్టులో ఉంటాయి. బయటి పుప్పొడి కోసం అది ఎదురుచూడదు, తన పెళ్లి తానే చేసేసుకుంటుంది. అందుకే పువ్వు విచ్చుకోకముందే, పొట్టి రకం కంకుల్లోని పుప్పొడి తిత్తులను ముల్లు తీసే పట్టకారుతో తీసేశాను. కాగితం సంచులు తొడిగి, తర్వాత పాత రకం పుప్పొడి చల్లాలి.

పక్క చేను వదిన గట్టు మీద నిలబడి చూసింది.

"ఏం పీకుతున్నవ్ మరదలా?"

"మగతనం తీస్తున్న వదినా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంటే విత్తు కొడుతున్నవా? ఎద్దుకు కొట్టినట్టు?"

"గంతే."

"ఓ మాయమ్మో! విత్తు కొట్టినంక విత్తనం ఏడికెళ్లి వస్తదే? నీ పుస్తకంల గట్లనే రాసిన్రా?"

పొద్దుగూకేసరికి నేను ఊరందరికీ 'విత్తు కొట్టే కోడలు'. మామ కొన్నాళ్లు హోటల్లో చాయ్ తాగడం మానేశాడు.

గింజలు మాత్రం వచ్చాయి. మరుసటి ఏడు వాటిని విత్తితే మొక్కలు బాగానే నిలబడ్డాయి, పందులు కూడా ఆ ఏడు బావి వైపు రాలేదు. ఒక్క కంకికీ మీసం లేదు.

మామ తన మీసం దువ్వుకున్నాడు. "మీసాలు తెస్తనంటివి. ఉన్నయి సుత పోగొడితివి."

"పోలే మామా, దాసుకున్నయి. ఈ తరం దాసుకుంటది, వచ్చే తరం బయట పెడతది."

"ఎవలు చెప్పిన్రు?"

"పుస్తకం."

"నీ పుస్తకం ఎన్నడన్న పందిని సూసిందా?"

నేను కంకులు కోసి నలిపాను. ఆ గింజలను బట్టలో మూటగట్టి వంటింటి దూలానికి వేలాడదీశాను. ఆ మూట పోతే అంతా పోయినట్టే. మళ్లీ మూల ఇచ్చేవాళ్లు లేరు.

మా అత్తవారింట్లో కొత్త ధాన్యాన్ని ముందు దేవునికి వండి పెడతారు. దాన్ని కొత్తలు అంటారు. ఆ పొద్దున నేను బావి నుంచి వస్తుంటే ఇసుర్రాయి చప్పుడు వినిపించింది. పరుగెత్తాను. మూట విప్పి ఉంది. అత్త పిడికెడు గింజలు అప్పుడే రాయిలో పోసింది.

"అత్తా, ఆపు!"

"ఏమైందే? కొత్తలు పెట్టొద్దా? మన చేన్ల పండిన గోధుమ గిదే గదా."

నిజమే, చేనంతా పత్తే. నేను రాయి మీద చెయ్యి పెట్టాను. "ఇది తినేది కాదు."

"దేవుని కంటె ముందు నీ విత్తనమా? రాజన్న ఊకుంటడా?"

"కోపమొస్తే నా మీదికి రమ్మను. వేములవాడ గుడికి పోయి నేనే చెప్పుకుంట. కొన్న పిండితోని రొట్టె చెయ్యి. కొనుక్కుందాం అన్నది మీరే గదా."

అత్త పిడి వదల్లేదు. నేను రాయి వదల్లేదు. చివరికి ఆమే, "నా రెక్క ఇరుగుతది, తియ్యే మొండిదానా," అంది. అప్పటికే నలిగిన పిండితో అరచేతంత రొట్టె చేసి దేవుని ముందు పెట్టింది. మూట మళ్లీ దూలమెక్కింది.

ఆ చలికాలం ఆ గింజలు విత్తితే మూలలో అన్నీ కలిసి లేచాయి. పొడుగు, పొట్టి, మీసాలవి, బోడివి. కోతకు ముందు ఒక తెల్లవారుజామున మామ తలుపు కొట్టాడు. "పోయింది నీ చదువు. పందులు వడ్డయ్."

వెళ్లి చూస్తే బోడి కంకులన్నీ నమిలేసి ఉన్నాయి. పొడుగువి చాలావరకు నేలకు వాలాయి. వాటి మధ్య అక్కడక్కడ పొట్టిగా, మీసాలు దువ్వుకుని, కొన్ని నిలబడే ఉన్నాయి. మామ గొంతుక్కూర్చుని ఒక కంకిని నిమిరాడు. గుచ్చుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"పందులు సుత సదువుకున్నయే," అన్నాడు.

ఆ కంకుల గింజలు వేరే మూటగా కట్టాను. పక్క చేను వదిన చాట పట్టుకుని వచ్చింది. "విత్తు కొట్టే కోడలా, నాకో దోసెడు పెట్టు."

"ఇప్పుడు కాదు వదినా. ఎత్తు ఇంకా నిలకడ పడలే, పొడుగువి మళ్ల లేస్తయి. వచ్చే ఏడు మళ్ల ఏరాలె, ఆపై ఏడు మళ్ల."

మామ గడపలోంచి అన్నాడు. "బావి మూల నీకే ఉంచుతలే."

"మూల కాదు మామా. గోధుమ బంద్ అన్న మాట వాపసు తీస్కో."

"ముందు రొట్టె ఎట్లయితదో సూపియ్."

"ఈ ఏడు ఒక్క గింజ ఇయ్య," అని మూట అందుకున్నాను. ముక్కాలిపీట తెచ్చి దూలం కింద వేసింది అత్తే.