తలుపు కింది ఎండ

ఒక తలుపు తెరవమని మూడుసార్లు అడిగిన మనిషిని మూడుసార్లూ గేటు దగ్గరి నుంచే పంపేశారు. ఆ మనిషి, మా ఊరి అంగన్‌వాడీ ఆయమ్మ, పోయిన శుక్రవారం గుండె ఆగి చనిపోయింది. తలుపు ఇంకా మూసే ఉంది.

మేం రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తాం. పొద్దు పొడవకముందే వ్యాన్ ఎక్కుతాం, చీకటి పడ్డాక ఊళ్ళో దిగుతాం. లోపల ఐసు, ట్యూబులైట్లు. తలకు టోపీ, ముఖానికి మాస్కు, చేతులకు గ్లవుజులు. ఎండకు ఇసుక కాలిపోయే సముద్రపు ఒడ్డున పుట్టి, ఎండ ఎరగని వాళ్ళం మేమే.

ఆయమ్మకు ఒక అలవాటుండేది. పిల్లలకు గుడ్డు పెట్టాక కాళ్ళు వంకర పోతున్నాయేమోనని ఒక్కొక్కరినీ మడమలు కలిపి నిలబెట్టి, మోకాళ్ళ మధ్య తన పిడికిలి పెట్టి చూసేది. పట్టకపోతే "పోరా, పరిగెత్తు" అనేది. నాతోపాటే షెడ్డులో పనిచేసే మా అక్క కొడుక్కి మూడేళ్ళప్పుడు పిడికిలి పట్టింది. ఆమె ఇంకోసారి పెట్టి చూసింది.

నెల్లూరు డాక్టరు దగ్గరికి మాతో తనూ వచ్చింది. బిడ్డకు డి విటమిన్ లేక ఎముకలు మెత్తబడ్డాయని, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఒంట్లోనే లేకపోతే బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుందని ఆయన అన్నాడు. వాడికి చుక్కల మందు, అక్కకు మాత్రలు రాశాడు. తిరుగుబస్సు వెంకటాచలం దాటాక ఆయమ్మ అంది:

"ఇన్నేళ్ళూ నూనె రాసి బిడ్డల్నే ఎండలో పండబెట్టినాను. తల్లుల సంగతి అడగలేదు గదమ్మే."

తప్పు నీది కాదని చెప్పాల్సింది.

మర్నాడు పొద్దున మేం షెడ్డు దగ్గర వ్యాన్ దిగే వేళకు గేటు దగ్గర నిలబడి ఉంది. మధ్యాహ్నం అన్నం బెల్లుకు షెడ్డు వెనక తలుపు తెరిస్తే వీళ్ళు ఎండలో కూర్చుని తింటారని అడిగింది.

"ఏంది ఆయమ్మా, తలుపు తీస్తే ఈగలొస్తాయి. నీడ పట్టున పని ఇచ్చినా ఏడుపేనా?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఎండుచేపకు చూపించినంత ఎండన్నా చూపించు నాయనా, ఈ ఆడబిడ్డలకు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే నన్ను తినేస్తోంది.

నాకిప్పుడు ఐదో నెల. "నీకన్నా తీయిస్తాలే ఆ తలుపు" అంది ఆయమ్మ పోయిన నెల, మూడోసారి కూడా గేటు దగ్గరి నుంచి తిరిగొచ్చి. ఆమె పోయిన రోజు మాకు సెలవివ్వలేదు. వ్యాన్ దిగేసరికి అంతా అయిపోయింది. ముఖం కూడా చూడలేదు.

మందుతో అక్క కొడుకు కాళ్ళు కొంచెం సర్దుకుంటున్నాయి. పరిగెత్తితే ఇంకా పడతాడు. రోజూ అంగన్‌వాడీ గడప దగ్గర మడమలు కలిపి నిలబడుతున్నాడట, ఆమె వచ్చి చూస్తుందని.

షెడ్డు యజమాని గారూ, రోజూ అన్నం బెల్లుకు అరగంట వెనక తలుపు తెరవండి. సోమవారం బెల్లు మోగేలోపు జవాబు చెప్పండి. అప్పటిదాకా నేను ఆ తలుపు దగ్గరే కూర్చుని తింటాను. దాని కింది సందులోంచి నాలుగు వేళ్ళ వెడల్పున ఎండ పడుతుంది. బూటు తీసి ఒక పాదం పెడతాను. రెండోదానికి చోటు చాలదు.