నెల్డా కూర్చున్న ఏడాది

డెవన్నా టాల్బర్ట్ ఫైలు సోమవారం నుంచి నెల్డా బల్ల మీదే ఉంది. ఆట అర్హత కాగితాలకి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు; అది దాటితే ఇక దాన్ని కదిలించినా లాభం లేదు.

ఆ పిల్ల టెనెసీలో ఒక కాలేజీకి మూడేళ్లు బాస్కెట్‌బాల్ ఆడి, జూలైలో కెంటకీలోని ఈ చిన్న కాలేజీకి మారింది. ఆరడుగుల రెండంగుళాల పొడవు. ఆమె వస్తోందని ఊరంతా టిక్కెట్లు కొనేసింది. అయితే నాలుగో ఏడు ఆడాలంటే, ఎంచుకున్న డిగ్రీలో నూటికి అరవై వంతుల చదువు పూర్తయి ఉండాలని నిబంధన. అంటే డెబ్భై రెండు క్రెడిట్లు. డెవన్నాకి ఎనభై ఎనిమిది ఉన్నాయి గానీ, ఆమె ఎంచుకున్న వ్యాపార డిగ్రీకి పనికొచ్చేవి అరవై తొమ్మిదే. కుండలు చేయడం, బౌలింగ్ లాంటి కోర్సులు అందులో చెల్లవు. మూడు క్రెడిట్ల కోసం ఈ ఏడాది ఆట పోయినట్టే.

రిజిస్ట్రార్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఇవే కాగితాలు చూస్తున్న నెల్డా ప్రూయిట్‌కి ఒక దారి తెలుసు. డిగ్రీ మార్చుకుంటే చాలు. జనరల్ స్టడీస్‌లో కుండలూ చెల్లుతాయి, బౌలింగూ చెల్లుతుంది. ఒక్క పేజీ దరఖాస్తు. ఈ సంగతి కొత్తగా వచ్చిన కోచ్ రిట్టర్‌కి తెలియదు. ఆ పిల్లకీ తెలియదు.

ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని మంగళవారం నెల్డా తనకు తాను సర్దిచెప్పుకుంది. బుధవారానికి అలా సర్దిచెప్పుకోవడం కూడా మానేసింది.

నెల్డా కూడా ఒకప్పుడు ఇక్కడికి మారి వచ్చిన ఆటగత్తే. అప్పుడామెకి ఇరవై ఏళ్లు. ఆ రోజుల్లో కాలేజీ మారినవాళ్లు ఏడాదిపాటు జట్టుతో సాధన చేయొచ్చు గానీ ఒక్క మ్యాచ్ కూడా ఆడకూడదు. జట్టు పై ఊళ్లకి వెళ్తే బస్సు ఎక్కకూడదు. ఊళ్లో మ్యాచ్ జరిగితే పాప్‌కార్న్ కొట్టు పక్కన, గోడవారగా ఒక మడత కుర్చీ వేసేవారు. రాబోయే ప్రత్యర్థి జట్టులో ఎవరు బాగా ఆడతారో వాళ్లలా ఆడి చూపించడం ఆమె పని. ఎడమచేతివాటం పిల్లతో పోటీ అంటే ఆ వారమంతా నెల్డా ఎడమచేత్తో ఆడేది. అలా పదిహేడుమందిలా ఆడింది. తనలా ఆడే రోజు కోసం ఎదురుచూసింది.

ఏడాది గడిచింది. జెర్సీ మీద పేరు కుట్టించిన నెలలోనే అమ్మకి పక్షవాతం వచ్చింది. తమ్ముళ్లిద్దరూ ఇంకా బళ్లో ఉన్నారు. నెల్డా చదువు ఆపేసి ఇంటికి వెళ్లిపోయింది. ఆ పేరు విప్పేసి జెర్సీ ఇంకో అమ్మాయికి ఇచ్చారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు నిబంధన మారింది. కాగితాలు సరిగ్గా ఉంటే వచ్చిన ఏడాదే ఆడేయొచ్చు.

బుధవారం డెవన్నా ఆఫీసుకి వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించింది.

"మిస్ నెల్డా, ఏమన్నా తేలిందా అండీ?"

"తేలితే చెప్తాగా."

"మీరూ ఆడేవారంట కదా, కోచ్ చెప్పింది. ఏడాదంతా ఊరికే కూర్చున్నారంట! అమ్మో, నేనైతే పిచ్చెక్కిపోయేదాన్ని."

ఆ నవ్వులో వెటకారం లేదు. అందుకే నెల్డాకి ఇంకా మండింది. ఆ పిల్ల పొడవాటి వేళ్లకి జట్టు రంగు వేసిన గోళ్లు మెరుస్తున్నాయి. నెల్డా తన చేతులు బల్ల కిందకి లాక్కుంది.

"ఏం ఎక్కదులే," అంది. "అలవాటైపోతుంది."

శుక్రవారం మధ్యాహ్నం తిండికి వెళ్తూ నెల్డా జిమ్‌లోంచి అడ్డంగా నడిచింది. నలభై ఏళ్లుగా అక్కడ నేల తుడుస్తున్న వర్జిల్ పెద్ద తోలు కుర్చీ ఒకటి నెట్టుకొస్తున్నాడు.

"ఏంటి వర్జిల్, ఎవరికి ఈ సింహాసనం?"

"ఆ టాల్బర్ట్ పిల్లకి. ఆడకపోయినా కోచ్ పక్కనే కూర్చోబెడతారంట. కాళ్లు పొడుగు కదా, మామూలు కుర్చీలో పట్టదు పాపం."

"పాపమా?"

"మరి కాదా? ఏడాదంతా కూర్చోవడమంటే మాటలా! మా ఆవిడ పెకాన్ పప్పులు వేసి తియ్యటి పై కాల్చి పంపింది. చర్చి ఆడవాళ్లు వంతులేసుకున్నారు, వారానికో వంట. పేపరువాడొచ్చి ఫొటో తీసుకెళ్లాడు, ఓర్పంటే ఈ పిల్లదే అని రాస్తాడంట."

"నేనూ కూర్చున్నా వర్జిల్. ఏడాది."

"నువ్వా? ఎక్కడ?"

"అదిగో, పాప్‌కార్న్ కొట్టు పక్కన."

వర్జిల్ కళ్లు చికిలించి చూశాడు. "ఓహో! పాప్‌కార్న్ అమ్మిన పిల్లవి నువ్వేనా!"

నెల్డా తిండి మాట మరిచి ఆఫీసుకి తిరిగొచ్చేసింది. ఆట ఎలాగూ తనకి దక్కలేదు. దక్కింది ఆ కూర్చోవడం ఒక్కటే. ఈ పిల్ల ఇప్పుడు దాన్ని కూడా పట్టుకుపోతోంది, తోలు కుర్చీలో, పెకాన్ పై తింటూ. ఇక ఈ ఊళ్లో ఏడాది ఆగిన ఆటగత్తె అంటే డెవన్నా పేరే చెప్పుకుంటారు.

నాలుగింటికి డెవన్నాకి ఫోను చేసి రప్పించింది.

"ఇక్కడ సంతకం పెట్టు. కిందా పెట్టు."

"ఏంటండీ ఇది?"

"డిగ్రీ మార్చే కాగితం. వ్యాపారం కావాలంటే తర్వాత చదువుకో. దీంతో నవంబరులో ఆడతావు."

డెవన్నా పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "ఇంతేనా? మరి సోమవారమే..." నెల్డా మొహంలోకి చూసింది. "మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు కూర్చుంటే చూడాలనిపించింది."

"మరిప్పుడు?"

"ఇప్పుడు చూడబుద్ధి కావట్లేదు. పెట్టు, టైమైపోతోంది."

ఆ పిల్ల సంతకాలు చేసి, థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. నెల్డా నాలుగూ నలభైకి ముద్ర వేసింది.

నవంబరులో మొదటి మ్యాచ్‌కి జిమ్ కిటకిటలాడింది. నెల్డా మడత కుర్చీ ఒకటి తెచ్చుకుని పాప్‌కార్న్ కొట్టు పక్కన గోడవారగా వేసుకుంది. డెవన్నా ఇరవై ఆరు పాయింట్లు కొట్టింది. జనం లేచి నిలబడి అరిచారు. నెల్డా లేవలేదు. ఆ పిల్ల ఎడమవైపు నుంచి తేలిగ్గా బుట్టలో పడాల్సిన ఒక బంతిని కుడిచేత్తో వేసి పోగొట్టుకోవడం ఆమె ఒక్కతే గమనించింది.

తనైతే దాన్ని ఎడమచేత్తో వేసేసేది.