నాలుగు పేజీల పెళ్ళి

ఆ రోజుల్లో నా కోపానికి నోరు లేదు, పెన్ను ఒక్కటే ఉండేది. మా ఇంట్లో అందరి కోపాలూ వాకిలి దాటి వినిపించేవి. నాది మాత్రం డైరీలోకి వెళ్ళి పడుకునేది. ఎంత నొక్కి రాసేదాన్నంటే, మంగళవారం నాటి తిట్లు బుధవారం పేజీలో కూడా గుంటలుగా కనిపించేవి. (ఒక్కోసారి గురువారం దాకా.) ఈమధ్య ఆ డైరీ తిరగేస్తుంటే ఒకచోట వేలికి లోతైన గుంటలు తగిలాయి. అది ఏ వారమో చదవకుండానే తెలిసిపోయింది. ఇన్నేళ్ళయినా చెవులు వేడెక్కాయి.

సూర్యాపేటలో మా చిన్నాయనకి, అంటే మా అమ్మ చెల్లెలి భర్తకి, ఫోటో స్టూడియో ఉండేది. డిగ్రీ అయిపోయాక మోతె నుంచి రోజూ బస్సులో వచ్చి అందులో పనిచేసేదాన్ని. మొదటి ఏడాదంతా కౌంటరే, పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీయడమే. "గడ్డం జర పైకి లేపండి" అని చెప్పడానికి సిగ్గేసి, నా గడ్డమే పైకెత్తి చూపించేదాన్ని. నన్ను చూసి వచ్చినవాళ్ళూ ఎత్తేవారు. రోజంతా ఇలా ఎత్తీ ఎత్తీ సాయంత్రానికి మెడ పట్టేసేది. అలాంటి నాకు ఏడాది తర్వాత పెళ్ళి ఆల్బములు డిజైన్ చేసే కంప్యూటర్ ముందు కుర్చీ దొరికింది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని కుర్చీ. దాన్ని కాపాడుకోవడానికి అవసరమైతే మనుషుల్ని కరిచేదాన్ని.

చిక్కంతా ఫోటోలు నా కంప్యూటర్‌లో లేకపోవడం. అవన్నీ లోపలి గదిలో, మేం పెద్దపెట్టె అని పిలిచే ఇంకో కంప్యూటర్‌లో ఉండేవి. దాని నుంచి వచ్చిన వైరు గోడ మీద, కంప్యూటర్లన్నిటినీ కలిపే పాత స్విచ్ డబ్బాలో దూరేది. ఆ ఒక్క డబ్బా నుంచే నాకూ, కౌంటర్లకూ అందరికీ వైర్లు. నేనొక పెళ్ళి ఫోల్డర్ తెరిస్తే ఫోటోలు మొహమాటపడే చుట్టాల్లా ఒక్కొక్కటే తొంగిచూసేవి. అందుకని ఒళ్ళో గ్రంథాలయం పుస్తకం పెట్టుకునేదాన్ని. ఒక పెళ్ళి పూర్తిగా తెరుచుకునేసరికి సరిగ్గా నాలుగు పేజీలు అయ్యేవి.

ఒకరోజు మిర్యాలగూడ నుంచి ఒక పెళ్ళివారు ఆల్బం చూడ్డానికి దిగారు. నా వెనకాల కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. రెండుసార్లు చాయ్ అయింది. పెళ్ళికూతురి నాయనమ్మ ఉండబట్టలేక, "మా పిల్ల పెండ్లే తొందరగ అయిపాయె. గీ ఫోటోలు తెరుసుడు గింతసేపా?" అంది. అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వి, "మా బిడ్డ చెయ్యి జర నెమ్మది అవ్వా" అన్నాడు.

నా చెయ్యా! గోడ మీది డబ్బా నత్తలా నడుస్తుంటే నా చెయ్యి నెమ్మదా! పైకి మాత్రం నవ్వాను. ఆ రాత్రి డైరీకి చిల్లు పడింది.

వారం తిరగకుండా ఒక కంప్యూటర్ పుస్తకంలో మందు దొరికింది. రెండు కంప్యూటర్లకూ వేగంగా నడిచే కొత్త నెట్‌వర్క్ కార్డులు పెట్టి, మధ్యలో ఏ డబ్బా లేకుండా ఒకే కేబుల్‌తో సూటిగా కలిపేస్తే పదింతలు వేగం. ఎదురెదురు ఇళ్ళకు వేసినట్టు రెండింటికీ చేత్తో నంబర్లు వేస్తే చాలు, అవి ఒకదాన్నొకటి పోల్చుకుంటాయి. నోటితో చెప్పలేక ఇదంతా చీటీ మీద రాసి చిన్నాయన టేబుల్ మీద పెట్టాను.

"ఒక్కటే దుకాన్ల కూసోని ఉత్తరం రాస్తవా బిడ్డా?" అని ఆయన పరేషానై, కోదాడలో కంప్యూటర్లు బాగుచేసే తన మేనల్లుడికి ఫోన్ చేశాడు. నాకు బావ వరస. గురువారం కార్డులూ కేబులూ పట్టుకుని బావ దిగాడు, నా చీటీని గట్టిగా చదివాడు. (అక్షరాలు బాగున్నాయన్నాడు. అది పొగడ్త కాదు.)

"ఏంటమ్మాయ్, కథల పుస్తకాలు చదివి కేబుళ్ళు కూడా వేసేస్తావా? డబ్బా లేకుండా నెట్‌వర్క్ ఏంటి మామయ్యా, నేనెక్కడా చూళ్ళేదు. ఇది నడిస్తే నా షాపు మూసేస్తాను."

"నడవకపోతే?" అన్నాడు చిన్నాయన.

"ఈ అమ్మాయిని కౌంటర్‌లో కూర్చోబెట్టండి. నేనొక కుర్రాణ్ణి పంపిస్తా, డిజైన్ వాడు చూసుకుంటాడు."

చిన్నాయన నా వైపు చూశాడు. "ఇగ నీ ఇష్టం బిడ్డా."

తల ఊపాను. కుర్చీని పందెంలో పెట్టి మరీ ఊపాను.

బావ కార్డులు బిగించాడు. కేబుల్ గుచ్చబోతుంటే చిన్నాయన, "ఆగు, ఆగు" అంటూ కొబ్బరికాయతో పరుగెత్తుకొచ్చాడు. పెద్దపెట్టెకి వారం వారం బొట్టు పెట్టడం ఆయనకి అలవాటు. కొత్త సామాను వచ్చిందంటే ఇక చెప్పనక్కర్లేదు. నేను నా కంప్యూటర్‌లో నంబర్లు వేసుకుంటూ ఉండగానే లోపల గంట మోగింది, కర్పూరం వాసన వచ్చింది. పెట్టెకీ, వైరుకీ, ఆఖరికి బావ స్క్రూడ్రైవర్‌కీ బొట్లు పడ్డాయి. ఆ తర్వాతే కేబుల్ గుచ్చారు.

నేను కొత్త నంబరుతో ఫోల్డర్ తెరిచి, కొలత కోసం పుస్తకమూ తెరిచాను. మొహమాటపు చుట్టాలు మళ్ళీ ఒక్కొక్కరే వచ్చారు. మూడున్నర పేజీలు పట్టింది. (అర పేజీ లాభం. ఎవరికీ చెప్పలేదు.)

బావ నవ్వు రోడ్డు మీదికి వినిపించింది. "రేపు కార్డులు విప్పుకుని పోతా మామయ్యా."

"పోనీ బిడ్డా, రేపటికెల్లి కౌంటర్ల కూసో" అన్నాడు చిన్నాయన మెల్లగా. ఆ మెల్లదనమే నన్ను ఎక్కువ మండించింది.

ఇంటికెళ్ళి డైరీ మీద పడ్డాను. బావనీ, చిన్నాయననీ, నవ్విన నాయనమ్మనీ ఎవరినీ వదల్లేదు. తిట్లు అయిపోయాక, స్క్రీన్ మీద చూసినవన్నీ గుర్తు చేసుకుని రాస్తుంటే ఒకచోట పెన్ను ఆగింది. వేగం చూపే గడిలో వెయ్యి ఉండాల్సింది, వంద ఉంది. కంప్యూటర్ పుస్తకం తీశాను. కేబుల్‌లో ఉన్న ఎనిమిది తీగల్లో నాలుగు పనిచేస్తే వంద వస్తుందట, వెయ్యి రావాలంటే ఎనిమిదీ పనిచేయాలి. అంటే నా ఆలోచన తప్పు కాదు. ఎక్కడో కొన్ని తీగలు మూగబోయాయి. (మూగవాళ్ళ బాధ నాకు తెలుసు.)

మర్నాడు మొదటి బస్సుకే వచ్చాను. చిన్నాయన అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. బావ స్క్రూడ్రైవర్‌తో వెనకాలే ఉన్నాడు. వాళ్ళకంటే ముందు లోపలికెళ్ళి, పెద్దపెట్టె వెనక కేబుల్ లాగి, ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూశాను.

లోపల బంగారు రంగు సన్నని తీగల మీద, దాదాపు సగం కప్పేస్తూ, తడిపి పెట్టగా ఎండిపోయిన కుంకుమ.

"ఇందులో ఎవరు పెట్టారు?" అన్నాను. నా గొంతే, కానీ నేనెప్పుడూ వినని గొంతు.

"కొత్తది గదా బిడ్డా" అన్నాడు చిన్నాయన. "చిటికెన వేలు మంచిగ పట్టింది..."

"చిన్నాయినా! బొట్టు నుదుట పెడ్తరు. నోట్లె పెడ్తరా ఎవలన్న?"

బావ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. నేనూ ఆగిపోయేదాన్నే కానీ, నోరు ఆగలేదు. "నా చెయ్యి నెమ్మది అంటిరి. నా పుస్తకాలను నవ్వితిరి. నా కుర్సీ తీసుకుంటిరి. గీ కుంకుమ నేను పెట్టిన్నా?" అంటూ పెద్దపెట్టెని ఆపడానికి చెయ్యి చాచాను.

"అయ్యో, ఇయ్యాల శుక్రవారం! పెట్టె బంద్ చెయ్యొద్దు!"

బంద్ చేశాను. లెన్సులు తుడిచే బ్రష్షూ, స్పిరిట్టూ తీసుకుని ఒక్కో తీగా కడిగాను. బావ టార్చి పట్టుకున్నాడు. పట్టుకోమని అడగలేదు, నా మొహం చూసి ఆయనే పట్టుకున్నాడు.

కేబుల్ గుచ్చి, పెట్టెని మళ్ళీ లేపి, నా కుర్చీలో కూర్చున్నాను. గడిలో వెయ్యి. మిర్యాలగూడ పెళ్ళి నొక్కి, అలవాటుగా ఒళ్ళోని పుస్తకం తెరిచాను. మొదటి వాక్యం సగంలో ఉండగానే "అబ్బో!" అన్నాడు చిన్నాయన. తలెత్తితే పెళ్ళి మొత్తం వచ్చేసి ఉంది. నాయనమ్మతో సహా.

"నేను తెచ్చిన కేబుల్ అలాంటిది మామయ్యా" అన్నాడు బావ. షాపు మూయలేదు. చిన్నాయన ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ "మా అల్లుడు ఏసిండు" అనే చెప్పేవాడు. దానికి ఆ వారం డైరీలో ఇంకో రెండు రోజులు గుంటలు పడ్డాయి. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. ప్రతి వారం కుంకుమ గిన్నె పట్టుకుని నా కుర్చీ దగ్గరికొచ్చి, "బిడ్డా, బొట్టు యాడ పెట్టాలె?" అని అడిగి, పెట్టె మూత మీద పెట్టేవాడు.

ఆ శుక్రవారం పేజీ చివర, నొక్కకుండా రాసిన ఒకే ఒక్క వరుస ఉంది: 'గెలిచాను. చదివింది అర వాక్యం.' ఆ పిల్లకి అప్పుడు తెలియలేదు, నాకిప్పుడు తెలుస్తోంది. ఆ తర్వాత నెలల తరబడి పెళ్ళిళ్ళు చిటికెలో తెరుచుకున్నాయి, పుస్తకం తెరుచుకోలేదు. గడువు దాటిందని గ్రంథాలయానికి తిరిగిచ్చేశాను. కథానాయిక అప్పటికి రైలు దిగి, ఎవరూ ఎదురురాక, స్టేషన్లో పెట్టె మీద కూర్చుని ఉంది. ఇప్పటికీ ఆఫీసులో కంప్యూటర్ కాస్త మొరాయిస్తే చుట్టూ అందరూ విసుక్కుంటారు. నా చెయ్యి మాత్రం మెల్లగా ఒళ్ళోకి వెళ్ళి, అక్కడ లేని పుస్తకం కోసం వెతుకుతుంది.